టీచరమ్మ సంచీ

మా అత్‌బాషీలో పుట్టినవాళ్లు గొర్రె కొవ్వు వాసన పడదంటే ఊరంతా నవ్విపోతుంది. నాకూ చిన్నప్పటి నుంచీ అలవాటైన వాసనే. కానీ ఆ ఆదివారం, అప్పుడే ఒలిచిన పచ్చి తోలులో నా కూతుర్ని చుట్టి పడుకోబెట్టి, పక్క గదిలో అదే గొర్రె మాంసాన్ని అందరూ వేళ్లు నాకుతూ తింటుంటే నాకు కడుపులో దేవింది. గొర్రెను చూసి ఎవరికీ వాంతి రాదు. నాకు మనుషుల్ని చూసి వచ్చింది.

మొదటి నుంచీ చెప్పాలి. లేకపోతే మీరు కూడా మా అత్తయ్య లాగా "ఈ కోడలికి నోరెక్కువ" అని తేల్చేస్తారు. నోరెక్కువే. లేదని నేనెప్పుడన్నాను?

నా కూతురు సాయ్‌కల్ ఏడో తరగతి. మా బడిలో గదులు చాలక పిల్లల్ని పూటల వారీగా కూర్చోబెడతారు. పొద్దున ఒక తరగతి కూర్చున్న బల్లల మీదే మధ్యాహ్నం ఇంకో తరగతి కూర్చుంటుంది. అందుకని ఏ పిల్లకీ బల్లలో ఒక పుస్తకం వదిలి వచ్చే వీలు లేదు. లావుపాటి పుస్తకాలు, బడిలో వేసుకునే వేరే బూట్లు, ఆటల బట్టలు, అన్నీ రోజూ వీపు మీదే పోవాలి, వీపు మీదే రావాలి. అది చాలదన్నట్టు వీళ్ల క్లాసు టీచరు జెయ్‌నెప్ ఒకతె. ఆవిడకూ పొద్దున పూట టీచరుకూ ఉప్పూ నిప్పూ. గదిలో ఉన్న ఒక్క బీరువా తాళంచెవి ఆ పొద్దున టీచరు దగ్గరుంది. ఆవిడ ఇవ్వదు, ఈవిడ అడగదు. ఇద్దరు పెద్ద మనుషుల పంతం, ఆ పంతం బరువు మోసేది మాత్రం మా సాయ్‌కల్.

ఎలాగంటారా? మా దగ్గర టీచరు సంచీ మోయడమంటే పిల్లకు గొప్ప మర్యాద. క్లాసు మొత్తంలో ఒక్కరికే దక్కుతుంది. జెయ్‌నెప్ టీచరు ఇల్లు మా వీధి చివర. బడి తెరిచిన రోజే మా పిల్లను లేపి నిలబెట్టి, "నమ్మకమైన పిల్లవి, ఈ ఏడు నా సంచీ నీదే" అందట. పిల్ల ఆ రోజు ఇంటికి గెంతుకుంటూ వచ్చింది. మా అత్తయ్య అయితే రొట్టెల కొట్టు దగ్గర, మసీదు వీధిలో, మందుల షాపులో, కనిపించిన ప్రతి మనిషినీ ఆపి చెప్పింది. "మా మనవరాలి మీద టీచరమ్మకు ఎంత నమ్మకమో! మీ పిల్లకిచ్చిందా? ఇవ్వలేదుగా?" అని ఎదుటివాళ్ల మొహం మాడిపోయేదాకా వదిలేది కాదు.

ఆ సంచీ మామూలు సంచీ కాదు. గళ్ల గుడ్డతో కుట్టిన పెద్ద మూట. బీరువాలో పెట్టే దారి లేక, క్లాసు మొత్తానికి సరిపడా అట్లాసులు, దిద్దాల్సిన నోటుబుక్కుల కట్టలు, చుట్టిన పటాలు, ఇంకా నాకు తెలియనివి ఏవేవో. పిల్ల వీపున తన బ్యాగు, కుడి భుజానికి ఆ మూట. పక్కన టీచరమ్మ చేతిలో పర్సు ఊపుకుంటూ, ఫోనులో మాట్లాడుకుంటూ నడుస్తుంది. మంచు గడ్డకట్టిన ఎత్తు రోడ్డు మీద ఆ ఇద్దర్నీ చూసి ఊళ్లోవాళ్లు "ఎంత మంచి పిల్ల" అని తలలూపేవాళ్లు. చూసే ప్రతి మొహమూ అంత మురిసిపోతుంటే నాకు ఒళ్లు మండేది.

చలి ముదిరేసరికి పిల్ల ఒక పక్కకు ఒరిగి నడవడం మొదలుపెట్టింది. బూట్ల తాళ్లు కట్టుకోవడానికి వంగితే మధ్యలో ఆగిపోయి ఊపిరి బిగపట్టేది. ఏమైందే అంటే "ఏం లేదమ్మా" అనేది. రాత్రి పడుకునేటప్పుడు గోడకు వీపు ఆనించి అలాగే నిలబడేది.

"ఎదిగే పిల్ల కోడలా," అంది అత్తయ్య. "రొమ్ములొస్తుంటే సిగ్గేసి వంగుతుంది. ఆ వయసులో నువ్వు వంగలేదా?"

"సిగ్గుకు ఒక భుజం పైకీ ఒకటి కిందకీ పోదత్తయ్యా."

"అయితే ఎముకల్లో చలి దూరింది. ఏటి ఒడ్డున రాయి మీద కూర్చోవద్దని మొత్తుకుంటూనే ఉన్నాను. నా మాట ఈ ఇంట్లో ఎవరికి పడుతుంది?"

అదీ మా ఊరి వైద్యం. మోకాలు నొప్పైనా, కడుపు నొప్పైనా, పెళ్లయిన పిల్లకు కడుపు నిలవకపోయినా అన్నిటికీ ఒకటే కారణం, చల్లటి రాయి మీద కూర్చోవడం. పిల్ల వీపు మీదున్న కొండ మాత్రం ఏ ఒక్కరి కంటికీ ఆనదు.

నేను ఎవరినీ అడగకుండా పిల్లను బస్సెక్కించి నరీన్ పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడ ఒక పెద్ద డాక్టరమ్మ ఫోటో తీయించి, ఆ ఫిల్మును కిటికీకి ఎత్తి పట్టుకుని చూపించింది. నిటారుగా ఉండాల్సిన ఎముకల వరుస పక్కకు తిరిగింది.

"ఈ వంపు బరువు వల్లే వచ్చిందని నేననను," అంది డాక్టరమ్మ. "ఎదిగే వయసులో కొందరు పిల్లలకు దానంతటదే వస్తుంది. కానీ ఈ నొప్పి మాత్రం బరువుదేనమ్మా. అసలే వంగిన వెన్నుకు, అదీ ఒకే భుజానికి, అంత మూట వేలాడదీస్తే పిల్ల ఎలా తట్టుకుంటుంది? ఈ పిల్ల ఇంకా పొడుగు సాగుతుంది. సాగే లోపే పట్టుకోవాలి. రాజధాని బిష్కెక్ వెళ్లి కొలతలిచ్చి వెన్నుకు గట్టి పట్టీ చేయించండి. ఆ మూట ఈ రోజే దించెయ్యండి. నాన్చారంటే రేపు కత్తి పెట్టాల్సి రావచ్చు."

ఇంటికొచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అత్తయ్య చేతిలో టీ గిన్నె కింద పెట్టి గుండె మీద కొట్టుకుంది.

"పట్టీనా! ఆడపిల్లకు నడుం చుట్టూ పెట్టె కట్టి తిప్పుతావా? ఊళ్లో గూనిపిల్ల అనరూ? రేపు ఏ ఇంటివాళ్లు అడుగుతారే దాన్ని? నోరు మూసుకుని ఆ ఫోటో దాచెయ్. ఎవరి కంటా పడనీకు."

"దానికి నొప్పి పుడుతోందత్తయ్యా!"

"చలి లాగేస్తే నొప్పి అదే పోతుంది. గొర్రెను కోద్దాం. పచ్చి తోలులో పడుకోబెడితే చెమటతో పాటు చలంతా బయటికొస్తుంది. నా పెళ్లయిన ఏడాది నాకు అలాగే తగ్గింది."

మా ఆయన తుర్దుబెక్ వైపు చూశాను. వ్యాను ఆయనది, బిష్కెక్ తీసుకెళ్లాల్సింది ఆయనే. ఆయన గడ్డం గోక్కుని, "అమ్మ చెప్పేదీ చూద్దాం, నువ్వు చెప్పేదీ చూద్దాం" అన్నాడు. పెళ్లయినప్పటి నుంచీ ఇదే మాట. ముందు ఎవరిది చూస్తాడో నాకు తెలియదా?

సరే, కనీసం మూటైనా దింపిద్దామని మర్నాడు బడికి వెళ్లాను. జెయ్‌నెప్ టీచరు నన్ను చూసి నవ్వుతూనే మాట్లాడింది.

"అదేంటండీ, మా రోజుల్లో ఏటి నుంచి నీళ్లు మోసేవాళ్లం, బొగ్గు మోసేవాళ్లం. మాకేమన్నా నడుములు పోయాయా? ఇప్పటి పిల్లలు మరీ సుకుమారం. అయినా నేనేం బలవంతం చేశానా? అమ్మాయిని అడగండి మీరే."

సాయ్‌కల్‌ను పిలిపించింది. క్లాసు మొత్తం తలుపు దగ్గర గుమిగూడింది.

"ఏమ్మా సాయ్‌కల్, నా సంచీ బరువుగా ఉందా? బరువైతే చెప్పు, ఇంకెవరికైనా ఇచ్చేస్తాను. ఎంతమంది కాచుకుని ఉన్నారో నీకు తెలుసుగా."

పిల్ల మొహం కందగడ్డలా ఎర్రబడింది. "బరువేం లేదు టీచర్" అంది. నా వైపు మాత్రం కోపంగా చూసింది. జెయ్‌నెప్ చేతులు చాపి 'విన్నారుగా' అన్నట్టు నవ్వింది. ఆ నవ్వు మీద ఉమ్మేద్దామన్నంత రోత పుట్టింది నాకు. గుటక మింగి వచ్చేశాను.

ఆ ఆదివారం గొర్రెను కోశారు. బొచ్చు పైకి, తడి లోపలికి వచ్చేలా, ఇంకా ఆవిర్లు కక్కుతున్న తోలును పిల్ల ఒంటి మీద బట్టల్లేకుండా చుట్టేశారు. పైన రెండు బొంతలు కప్పారు. పిల్ల జుట్టుకు కొవ్వు అంటుకుంది. మెడ మీంచి ఏదో జిడ్డు జారుతోంది, రక్తమో చెమటో తెలియడం లేదు. "అమ్మా, వాసన" అంటూ మొహం తిప్పుకుంటే అత్తయ్య, "ముక్కుతో పీల్చకు, నోటితో పీల్చు. చలి పోవాలా వద్దా?" అని కసిరింది. నా బిడ్డను మాంసం ముక్కలా చుట్టి పెట్టి ఆవిడ గౌను అంచుకు చేతులు తుడుచుకుంది.

గొర్రె పడ్డాక చుట్టాలు రాకుండా ఉంటారా? వచ్చారు. అందరికంటే పై స్థానంలో ఎవర్ని కూర్చోబెట్టారో తెలుసా? జెయ్‌నెప్ టీచర్నే! మనవరాలికి జబ్బు చేస్తే టీచరమ్మ దీవెన కావాలట. మా అత్తయ్యే స్వయంగా వెళ్లి పిలిచింది. దస్తర్‌ఖాన్ గుడ్డ నేల మీద పరిచి, మధ్యలో రొట్టెలు పేర్చి, వేడివేడి బెష్‌బర్మక్ మాంసం పళ్లెం పెట్టి, పెద్ద తుంటి ఎముక టీచరమ్మ ముందుంచింది. మా ఆయన కత్తితో మాంసం తరుగుతూ తల ఎత్తలేదు.

జెయ్‌నెప్ ఎముక అంచు కొరుకుతూ, "పాపం, బంగారం లాంటి పిల్ల. ఎంత ఓర్పో" అంది. గడ్డం మీద కొవ్వు మెరుస్తోంది. "ఈ కాలంలో ఇలాంటి పెంపకం అరుదు" అంటే, అత్తయ్య సిగ్గుపడిపోయింది. గోడ అవతల పిల్ల దగ్గుతోంది. నేను టీలు పోస్తున్నాను. కోడలు కదా, నాకు ఆ గదిలో కెటిల్‌తోనే పని.

తిండి అయ్యాక అందరూ చేతులు చాచారు. టీచరమ్మ దీవెన చదివింది. పిల్లకు వెంటనే నయం కావాలని, నిటారుగా నడవాలని, మంచి ఇంటికి కోడలిగా వెళ్లాలని. "ఓమిన్" అని అందరూ అరచేతులతో మొహాలు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను. పైకేసి చూస్తే ఏడుపొస్తుందని తల దించుకున్నాను.

తర్వాత ఎవరి మిగులు మాంసం వాళ్లకు సంచుల్లో కట్టి ఇచ్చాం, మామూలుగా ఇచ్చేదే. జెయ్‌నెప్ తన పొట్లం అందుకుని, గుమ్మం దగ్గరున్న గళ్ల మూటను చూసింది. శనివారం సాయంత్రం సాయ్‌కల్ నొప్పితో ఆవిడ ఇంటి దాకా పోలేక మా ఇంట్లోనే దింపిన మూట అది.

"అయ్యో, నా సంచీ ఇక్కడే ఉండిపోయిందే! రేపటికి నోటుబుక్కులు దిద్దాలి. సాయ్‌కల్‌ను ఒక్కసారి లేపండి, ఇంటి దాకా తెచ్చి పెడుతుంది. చెమట పట్టింది కదా, నాలుగడుగులు వేస్తే ఒళ్లు వదులవుతుంది."

ఎవరైనా కాదంటారని చూశాను. మా అత్తయ్య లేచింది. చలి దూరిందని గొర్రెను కోయించిన మనిషి, పక్క గదిలోకి తల పెట్టి, "సాయ్‌కల్, లేమ్మా, శాలువా కప్పుకో, టీచరమ్మ పిలుస్తున్నారు" అంది.

పిల్ల వచ్చింది. చెమట, కొవ్వు, నెత్తురు చారికలు. పైన నా శాలువా. ఒక భుజం ఎత్తుగా, ఒకటి జారిపోయి. వంగి ఆ మూట పట్టీ అందుకోబోయి, సగంలో ఆగిపోయింది. పళ్లు బిగించింది. "వస్తున్నా టీచర్" అంది.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. కెటిల్ కింద పెట్టి, వెళ్లి మూట లాక్కున్నాను. ఎత్తితే నా భుజమే గుంజుకుపోయింది. తెచ్చి దస్తర్‌ఖాన్ మీద, రొట్టెల మధ్యలో బోర్లా కుమ్మరించాను.

అట్లాసులు పడ్డాయి. నోటుబుక్కుల కట్టలు పడ్డాయి. ఫ్లాస్కు పడింది. ఊరగాయ సీసా ఒకటి దొర్లింది. చివరికి టీచరమ్మ బడిలో వేసుకునే చెప్పులు, కాళ్ల చెమటకు నల్లబడ్డ జత, వచ్చి సరిగ్గా పెద్ద రొట్టె పక్కన పడ్డాయి.

"రొట్టె పక్కన చెప్పులా!" అని అత్తయ్య పెడబొబ్బ పెట్టింది. రొట్టె తీసుకుని కళ్లకద్దుకుంది. చుట్టాలు "తోబా, తోబా" అంటూ లేచి నిలబడ్డారు. ఒక పెద్దాయన గోడకేసి తిరిగి గొణిగాడు. ఒక్కరంటే ఒక్కరు కూడా పిల్ల వైపు చూడలేదు.

"ఛీ!" అన్నాను. ఇంక ఆగలేదు. "రొట్టె పక్కన చెప్పులు పడితే ఇంతమందికి నొప్పొచ్చిందా? ఆ చెప్పుల్ని నా కూతురు రోజూ భుజాన మోస్తుంటే ఎవడికీ రాలేదే! ఈ టీచరమ్మ ఇంటి ఊరగాయ సీసా కూడా నా బిడ్డే మోయాలా?" పిల్లను వెనక్కి తిప్పి శాలువా దించాను. "చూడండి! దీవెన ఇచ్చారుగా, ఎవరికిచ్చారో చూడండి!"

తోలు జిడ్డు కింద ఆ వీపు వంపు తిరిగి ఉంది. కుడి భుజం మీద మూట పట్టీ ఒరుసుకున్న చోట చర్మం నల్లగా కమిలింది.

"కప్పవే, కప్పు!" అని అత్తయ్య పరుగెత్తుకొచ్చింది. "పదిమందిలో పిల్ల పరువు తీస్తావా? ఇంక దాన్ని ఎవరు చేసుకుంటారు!"

జెయ్‌నెప్ చెప్పుల్ని వేళ్ల కొసలతో తీసుకుంది. "ఇలాంటి ఇంటి పిల్లకు బాధ్యత ఇవ్వడం నాదే పొరపాటు" అని ముక్కు ఎగబీల్చి వెళ్లిపోయింది. మాంసం పొట్లం మాత్రం మర్చిపోలేదు.

సాయ్‌కల్ ఏడ్చింది. నొప్పికి ఎన్నడూ ఏడవని పిల్ల, ఆ రోజు నన్ను కొడుతూ ఏడ్చింది. "నా సంచీ పోగొట్టావ్! అందరూ నవ్వుతారు! నువ్వు నా అమ్మవే కాదు!" అంది. దాని మొహం నా గుండెకు అదుముకున్నాను. కొవ్వు వాసన నా బట్టలకూ అంటింది.

నేల మీది పుస్తకాలన్నీ మా ఆయన ఏరి, మూట కట్టుకుని, టీచరమ్మ వెనకే వెళ్లాడు. వెళ్లిన మనిషి చాలాసేపటికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి కుడి భుజం నొక్కుకుంటూ ఉన్నాడు. వాళ్లమ్మ ఏదో మొదలుపెట్టబోతే, "ఆపమ్మా" అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం నాకదే మొదలు. "పొద్దున్నే బయలుదేరదాం. పిల్లకు స్నానం చేయించు" అని నాతో చెప్పి వ్యాను టైర్లు చూడ్డానికి పోయాడు.

బిష్కెక్‌లో కొలతలిచ్చాం. పట్టీ వచ్చింది. గట్టి ప్లాస్టిక్‌ది, వెనక బకిల్స్. అత్తయ్య నాతో మాట్లాడటం మానేసింది, అదొక సుఖం. బడిలో పిల్లను "అట్టపెట్టె" అంటున్నారట. అనుకోనీ. రాత్రిళ్లు గోడకు ఆనుకోకుండా పడుకుంటోంది, నాకది చాలు అనుకున్నాను.

అలా అనుకుంటుండగానే ఓ సాయంత్రం పక్కింటి ఉరుమ్‌కాన్ వచ్చింది. ఉత్త చేతులతో రాలేదు. పళ్లెం నిండా అప్పుడే నూనెలోంచి తీసిన బూర్సోకులు, పైన గుడ్డ కప్పి.

"వదినా, నోరు తీపి చేసుకోండి! మీ చలవే ఇది!"

"ఏం జరిగిందే?"

"మా అనారాకిచ్చింది! టీచరమ్మ సంచీ! మీ పిల్ల వదిలేశాక ఎవరికిస్తుందా అని క్లాసంతా కాచుకుని కూర్చుంది. మా దాన్ని పిలిచి ఇచ్చిందట. వాళ్ల నాన్న ఫోను మీద ఫోను, చుట్టాలందరికీ చెప్పేస్తున్నాడు."

అనారా నా పిల్ల కంటే బక్కది. గాలేస్తే పడిపోయేలా ఉంటుంది. ఉరుమ్‌కాన్ రెక్క పట్టుకుని లోపలి గదిలోకి లాక్కెళ్లాను. సాయ్‌కల్ బట్టలు మార్చుకుంటోంది, పట్టీ ఇంకా బిగించలేదు. వీపు కనిపిస్తోంది. "చూడు" అన్నాను. "కళ్లు పెట్టి చూడు. రేపు నీ పిల్ల."

ఉరుమ్‌కాన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. అబద్ధం చెప్పకూడదు, నిజంగానే తిరిగాయి. "అయ్యో తల్లీ" అని పిల్ల తల నిమిరింది. తర్వాత తలగుడ్డ కొసతో కళ్లొత్తుకుని నా వైపు తిరిగింది.

"పాపం, మీ పిల్లది మెత్తటి ఎముక వదినా. మా దానిది వాళ్ల నాన్న పోలిక, గట్టిది. దానికేం కాదు. మీరు మాత్రం ఇదంతా టీచరమ్మ దగ్గర అనకండేం? అసూయ అనుకుంటుంది. మళ్లీ ఇంకొకరికి ఇచ్చేస్తుంది."

ఆ పళ్లెం ఎత్తి ఆవిడ నెత్తిన బోర్లించాలనిపించింది. తిండి పారేసే అలవాటు మాకు లేదు, అందుకని ఊరుకున్నాను. ఇంతలో సాయ్‌కల్, చొక్కా వేసుకుంటూ, తల తిప్పకుండానే మాట్లాడింది.

"పిన్నీ, అనారాకు చెప్పండి. వంతెన దగ్గర టీచర్ ఆగి ఫోనులో మాట్లాడతారు. అప్పుడు సంచీ రైలింగ్ మీద ఆనించుకోవచ్చు, ఆవిడ చూడరు. ఎత్తు మొదలయ్యే ముందు ఎడమ భుజానికి మార్చుకోమనండి. కుడి భుజానికే ఉంచితే రాత్రి నిద్ర పట్టదు."

ఉరుమ్‌కాన్ పిల్ల దగ్గరికి జరిగి శ్రద్ధగా వింది. మర్చిపోతానేమోనని మళ్లీ అడిగింది.

"ఎత్తు ముందా తల్లీ, ఎత్తెక్కాకా?"